అపరిచితుల నడుమ: పత్రికావృత్తిని గూర్చి యోచించు విద్యార్థికి

వేసవి గడచి కళాశాలలు తెరచిన కొన్నాళ్లకు, నన్నెరిగినవారి పిల్లలు ఒకరిద్దరు, ఏదో పత్రికలో అచ్చయిన తమ చిన్న రచన కత్తిరింపును చేతబట్టుకొని మా యింటికి వచ్చుట ఏటేట జరుగుచుండును. వారడుగు మొదటి ప్రశ్న కూర్చున్న వెంటనే వచ్చును: “పత్రికలో పనిచేసి బ్రతకొచ్చాండీ?” రెండవది మాత్రము కాఫీ త్రాగి, లేచి, గుమ్మము దాటి, చెప్పులు తొడుగుకొనుచు, నా ముఖము చూడకుండ అడుగుదురు: “హాస్టల్లో ఎవరితోనూ కలవలేకపోతున్నాను. ఇంటికి వెళ్లిపోదామా అనిపిస్తోంది. అందరికీ ఇలాగే ఉంటుందా?” చాలకాలము నేను మొదటి ప్రశ్నకు లోకజ్ఞానముతోను, రెండవదానికి ఓదార్పుతోను వేర్వేరుగా సమాధానము చెప్పి పంపుచుంటిని. ఆ రెండును ఒకే ప్రశ్నకు రెండు కొసలని తెలిసికొనుటకు నాకే నా స్వానుభవమును మరల నెమరువేసికొనవలసి వచ్చినది.

నేను కళాశాలలో చేరినది దివిసీమలోని ఒక పల్లెనుండి. రేకుపెట్టెయు, చుట్టిన పరుపును, అమ్మ కట్టియిచ్చిన కందిపొడి సీసాయు సామానుగా ఆషాఢపు జల్లులలో పట్టణమునకు వచ్చి, ఆరుగురికి ఒకటిగా ఏర్పరచిన గదిలో కిటికీ లేని మూలను నా పాలిటిదిగా స్వీకరించి, అయిదు వారముల కాలము వార్డెనుతో తప్ప మరి యెవరితోను పూర్తి వాక్యమొకటి పలుకకయే గడపితిని. భోజనశాలలో ఎక్కడ కూర్చుండవలెనన్నదే నాకు నిత్యసమస్యగా నుండెను. గోడవైపు బల్లలు గుంటూరు వారివి. కుళాయి దగ్గరివి సీనియర్లవి. నడుమనున్నవి బిగ్గరగా నవ్వగలవారివి. నాకు మిగిలినది వంటయింటి గుమ్మమున కెదురుగా, పొగ వచ్చుచోట నున్న కుంటిబల్ల. నా యాసను ఎవరో ఒకమారు అనుకరించి నవ్విరి. ఆ నవ్వులో ద్వేషమేమియు లేదని యిప్పుడు తెలియును గాని, ఆనాడు నా నోటికి తాళము పడెను.

ఆ స్థితిలో నన్ను వెలికి తీసినది గోడపత్రిక. గ్రంథాలయపు వసారాలో అద్దపు తలుపుల చట్రమొకటి యుండెడిది. విద్యార్థులు పక్షమునకొకమారు తమ చేవ్రాత కాగితములను అందులో గుండుసూదులతో గుచ్చెడివారు. నా దస్తూరి గుండ్రముగా నుండునని ఎట్లు తెలిసెనో గాని, మూడవ సంవత్సరపు విద్యార్థి యొకడు “ఏమోయ్, ముత్యాల్లా రాస్తావటగా, సాయంత్రం రా” అని పిలిచెను. నకలు వ్రాయుటకు పోయినవాడను రెండవ సంచికకే రచయితనైతిని. వసతిగృహపు సాంబారు క్షీరసాగరమును మించిన సాగరమనియు, అందు పప్పుగింజను వెదకి తెచ్చుటకు గజ యీతగాండ్రను నియమింపవలెననియు, మందరగిరిని దింపినను పైకి తేలునది ములగకాడ యొక్కటియేననియు పుటనిండ పరిహాసము వ్రాసితిని. మరునాటి ప్రొద్దుటికి నా పేరు తెలియనివాడు వసతిగృహమున లేడు. గుంటూరు వారి బల్లనుండి పిలుపు వచ్చెను. అయిదు వారముల యేకాంతము ఒక్క పుటతో తీరినదని నేను పొంగిపోయితిని.

మూడవనాటి రాత్రి, అందరును తిని లేచిన పిదప, వంటచేయు పెద్దాయన భుజముమీది తువ్వాలుతో చేతులు తుడుచుకొనుచు వచ్చి నాయెదుట నిలిచి, “బాబూ, మీరు రాసింది చదివించుకున్నాను. అబద్ధం రాశారనను, సాంబారు నీళ్లగానే ఉంటోంది. పప్పు ఎంత ఇస్తున్నారో నన్నొక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదా” అనెను. అప్పుడడిగితిని. ఎనుబదిమందికని మంజూరైన కందిపప్పుతో ఆ యేడు నూటయిరువదిమందికి వండవలసి వచ్చుచున్నదనియు, సరకుల పట్టీ తన చేతిలో లేదనియు, ఆ సంగతి తాను రెండుమార్లు పైవారికి విన్నవించి యుండెననియు, ఆయన కోపము లేని గొంతుతో చెప్పెను. ఆ సంభాషణ ముగియు వేళకు నాకు మరియొక సంగతి స్ఫురించి సిగ్గు పెరిగినది. అయిదు వారములు ఆ గుమ్మమున కెదురుగా కూర్చుండి, ఆయన చేతి యన్నమే తిని, నేను ఆయన పేరైన నెరుగను. నా వ్యాసములో ఆయన కేవలము “వంటవాడు”.

నన్ను ఒంటరిని చేసిన దోషమును, నా వ్యాసమును చెడగొట్టిన దోషమును ఒకటియే. అడుగకపోవుటయే ఆ దోషము. బిడియస్థుడు తనను గూర్చి ఎదుటివారేమనుకొనుచున్నారో అను తలపులో మునిగియుండును గనుక, ఎదుటివారిని గూర్చి తెలిసికొనవలసినది చాల కలదను సంగతినే మరచును. చెడ్డ విలేకరియు అంతియే. తన వాక్యము ఎట్లు మెరయుచున్నదో చూచుకొనువానికి పప్పు లెక్క కనబడదు. కనుక సిగ్గరులైనవారు ఈ వృత్తికి పనికిరారని లోకులు చెప్పుమాటను నమ్మకుడు. నాకు తెలిసిన మంచి విలేకరులలో సగముమంది పెండ్లిపందిరిలో స్తంభము చాటున నిలుచువారే. చేత చిన్న పుస్తకమును, అడుగవలసిన ప్రశ్నయు ఉన్నప్పుడు మాత్రము వారికెక్కడనుండియో ధైర్యము వచ్చును. ఏలయన, అప్పుడు వారి మనస్సు తమమీద లేదు.

కళాశాలలో క్రొత్తగా చేరినవారికి నేను చెప్పు అభ్యాసము దీనినుండి పుట్టినదే. మొదటి ముప్పది దినములు, దినమునకొక అపరిచితునితో మాటలాడి, వాని పేరును, ఊరును, వానికి మాత్రమే తెలిసిన సంగతి యొకదానిని రాత్రి పుస్తకమున వ్రాసికొనుడు. “బాగున్నారా” అని మొదలిడినచో సంభాషణ “బాగున్నాను” తోడనే తీరిపోవును. మీ ఊరి చెరువు ఈ యేడు నిండెనా, మీ వైపు పెండ్లిలో మొదట ఏమి వడ్డింతురు, బస్సుపాసునకు వరుస ఏ వేళ తక్కువగా నుండును అని అడిగినచో, ఎంతటి మౌనియైనను నోరు విప్పును. తనకు తెలిసినదానిని చెప్పుటలో మనుష్యునకొక సంతోషము కలదు. గదిలోని తోడివారితోనే ఆపక గ్రంథాలయములో పుస్తకములు తీసియిచ్చు సహాయకుని, ద్వారపాలకుని, ఊడ్చు ఆమెను గూడ ఈ లెక్కలో చేర్చుడు. ముప్పదియొకటవనాటికి మీకు ముప్పదిమంది స్నేహితులు కలుగుదురని నేను చెప్పను. ఇద్దరు కలిగిన చాలును. తక్కిన యిరువదియెనమండుగురును, ఎదురైనప్పుడు తలయూచువారగుదురు. పరాయి యూరిలో ఆ తలయూపు ఎంత బలమో జ్వరముతో పడుకొన్ననాడు తెలియును.

పేరును తప్పులేక వ్రాయుట యందు ప్రత్యేకశ్రద్ధ వహింపుడు. శ్రీనివాసులు వేరు, శ్రీనివాసరావు వేరు, శ్రీనివాస్ వేరు. ఒకడు చిత్తూరువాడు, ఒకడు ఏలూరువాడు, మూడవవాడు ఎవడైనను కావచ్చును. పేరు తోకను మార్చినచో మనిషియే మారిపోవును. ఈ సందర్భమున సురవరం ప్రతాపరెడ్డిగారిని తలపక ఉండలేను. 1926లో హైదరాబాదునందు గోలకొండ పత్రికను స్థాపించిన ఆ మహనీయుడు, తెలంగాణమున తెలుగు కవులు లేరను ఆక్షేపణ వినవచ్చినప్పుడు, ఆవేశపూరితములైన సంపాదకీయములతో సరిపెట్టుకొనక, ఊరూరినుండి కవుల పేర్లను, వివరములను, పద్యములను రప్పించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించెను. పేర్లను, ఊళ్లను ఓపికతో ప్రోగుచేయుటకన్న పత్రికారచనకు మంచి నిర్వచనము నాకు దొరకలేదు.

వసతిగృహమునందలి ముఠాలను గూర్చి ఒకమాట నిర్మొగమాటముగా చెప్పవలయును. మన కళాశాలలలో క్రొత్తవానిని మొదట ఆదరించి పిలుచునది జిల్లా, దాని వెనుక కులము. ఇంటిపేరడిగి, ఊరడిగి, “మనవాడేరా” అని భుజముమీద చేయివేయువాడు, ఆ మొదటివారపు దిగులులో దేవునివలె కనబడును. ఆ చేయిని త్రోసివేయుమని నేననను. ఆకొన్నవానికి అన్నము పెట్టినచేయి ఏదైనను మంచిదే. కాని, ఆ బల్లయొద్దనే మూడేండ్లును తిన్నవాడు, తరువాత ఏ పత్రికలో చేరినను ఆ బల్లకే విలేకరిగా మిగిలిపోవును. విద్యార్థిసంఘముల విషయమునను నా అభిప్రాయమిట్టిదే: అన్నింటి సభలకును పొండు, అందరి ఉపన్యాసములును వినుడు, సభ్యత్వపు చీటీమీద సంతకమును మాత్రము రెండవ సంవత్సరమువరకు వాయిదా వేయుడు. ఇక ర్యాగింగు అనునది పరిచయక్రీడ కాదు, నేరము. దానిని నిషేధించు శాసనము ఆంధ్రప్రదేశమున 1997లోనే వచ్చినది. అది జరిగినచో సహించుటలో శౌర్యమేమియు లేదు. ఆనాడే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు.

మరియొక హెచ్చరిక. పుస్తకము పట్టుట అలవడిన పిదప, స్నేహితుడు రాత్రి రెండుగంటలకు చెప్పుకొన్న ఇంటి బాధకూడ మంచి కథావస్తువుగా తోచు ప్రమాదము కలదు. ఏది వినుటకు చెప్పినది, ఏది వ్రాయుటకు చెప్పినది అను వివేచన లేనివానికి వార్తలును దక్కవు, స్నేహితులును దక్కరు. అనుమానము కలిగినచోట “ఇది వ్రాయవచ్చునా” అని అడుగుడు. కాదన్నచో పుస్తకము మూయుడు.

ఇక జీవనోపాధి మాట. మన పత్రికల చరిత్రలో త్యాగమును గూర్చి చెప్పుకొన్నంతగా డబ్బును గూర్చి ఎవరును చెప్పుకొనరు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించి, 1914లో మద్రాసున దినపత్రికగా నెలకొల్పగలిగిరన్నచో, దాని వెనుక 1893నుండి అమ్ముడుపోవుచున్న అమృతాంజనపు సీసా కలదు. పత్రిక తలనొప్పి తెచ్చుననియు, ఆ తలనొప్పికి మందు ముందే సిద్ధపరచుకొనవలెననియు ఆయన యెరిగిరని నేను హాస్యమునకు చెప్పుచుందును గాని, అందులోని నిజము హాస్యము కాదు. పాఠకుడిచ్చు వెలతో పత్రిక నడువదు. ప్రకటనలో, యజమానియొక్క వేరు వ్యాపారమో దానిని మోయును. మోయువాడు ఎప్పుడో ఒకప్పుడు తన బరువును గుర్తుచేయును. ఈ వృత్తిలో చేరదలచినవారు ఈ సంగతిని మొదటిదినమే తెలిసికొని చేరుట మేలు. అయిదేండ్ల తరువాత తెలిసికొని, మోసపోయితిమని వాపోవుట మేలుకాదు.

పనిచేయువారి స్థితి ఒక్కతీరుగ లేదు. 1955లో పాత్రికేయుల ఉద్యోగనిబంధనలకు ప్రత్యేక శాసనము వచ్చి, వేతనసంఘములు ఏర్పడినవి గాని, మండలములలో పనిచేయు కంట్రిబ్యూటర్లలో పెక్కుమందికి ఆ నీడ అందలేదు. అచ్చయిన వార్త పొడవును కొలిచి ఇచ్చు పైకముతోనో, ప్రకటనలు సేకరించి పెట్టినందుకు వచ్చు భాగముతోనో వారు కాలము గడపుచు వచ్చిరి. డెస్కుమీది ఉపసంపాదకునకు జీతము కలదు, పేరు లేదు; వార్తాసంస్థలు పంపు ఆంగ్లవార్తలను తెలుగు చేయుట, విలేకరుల వ్రాతను దిద్దుట, శీర్షిక పెట్టుట, పుట దిద్దుకొనుట అతని పని. లోకము నిద్రించువేళ అతడు మేల్కొని, లోకము మేల్కొన్నప్పుడు నిద్రించును. పత్రిక రాని రోజులు ఏడాదికి వ్రేళ్లపై లెక్కింపదగినవి గనుక, సంక్రాంతికి ఇంటికి పోవుట వంతులవారీగా సాగును. ఆడపిల్లలకు ఈ రాత్రివేళలు మరింత చిక్కు తెచ్చుచున్నవి. రాత్రి రవాణా సౌకర్యమున్నదా అని ఉద్యోగమున చేరకముందే అడుగుట వారి హక్కు, అడుగుటకు సంకోచింపవద్దు. చేతిలో గొట్టము పట్టుకొని తిరుగు యూట్యూబ్ ఛానళ్లను గూర్చి నన్నడుగుదురు: వానిలో నిజముగా ఊరి సంగతి చెప్పునవి కలవు, శీర్షికతో భయపెట్టి లోపల ఏమియు లేనివి అంతకన్న ఎక్కువ కలవు. రెండవ తెగలో ఆరునెలలు పనిచేసినచో, అక్కడ నేర్చిన దానిని మరచుటకు రెండేండ్లు పట్టును.

ప్రాణభయము లేని వృత్తియు కాదిది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1907లో వందేమాతరోద్యమపు రోజులలో రాజమహేంద్రవరపు శిక్షణ కళాశాలనుండి బహిష్కృతులై, మరుసటియేడు బెజవాడ స్వరాజ్యపత్రికలోని వ్రాతకు రాజద్రోహమను నేరముపై కారాగారమున కేగిరి. ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్, 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో, వ్రాసిన చేతితోసహ నరకబడెను. అతనికప్పటికి ముప్పది యేండ్లు కూడ నిండలేదు. వీరిని తలచుకొని మీరు రొమ్ము విరుచుకొనవలెనని ఈ పేర్లు చెప్పలేదు. వ్రాత యేమి చేయగలదో వ్రాతగిట్టనివారు మనకన్న బాగుగ నెరుగుదురని చెప్పుటకే చెప్పితిని.

అయినను చేరదలతురా? అట్లైనచో డిగ్రీలో పత్రికారచననే పాఠ్యముగ తీసికొనుటకు తొందరపడకుడు. అర్థశాస్త్రమో, చరిత్రయో, వ్యవసాయమో, గణాంకశాస్త్రమో, ఒక విషయమును గట్టిగా చదివి, ఆ తరువాత వృత్తిని నేర్చుట నా దృష్టిలో మేలైన మార్గము. నేర్చుటకు చోట్లు లేకపోలేదు: ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనశాఖ 1954నుండియు కలదు, ప్రధాన దినపత్రికలు కొన్ని తమ సొంత పాఠశాలలు నడుపుచు, అనువాదమునందును, వ్యాసరచనయందును, వర్తమానవిషయములందును పరీక్షించి ఎన్నుకొని, శిక్షణకాలమున భృతిగూడ ఇచ్చుచున్నవి. ఆ పరీక్షలో తప్పువారు తెలివి తక్కువై తప్పుటలేదు; ఆంగ్లవాక్యమును చదివి, దాని తాత్పర్యమును గ్రహించి, తెలుగులో తెలుగువానివలె చెప్పలేక తప్పుచున్నారు. దినమునకొక పుట అనువదించి, మరునాడు మూలము చూడకుండ చదువుకొని, ఎక్కడ నాలుక తడబడినదో అక్కడ తిరుగవ్రాయుడు. నావంటి ముసలివాని గ్రాంథికమును మాత్రము అనుకరింపకుడు. పత్రిక ఏనాడో దీనిని వదలి బాగుపడినది.

ఈ వృత్తికి మీరు తగుదురో తగరో తేల్చుకొనుటకు కళాశాలయందే మూడునెలల పరీక్ష పెట్టుకొనవచ్చును. ప్రభుత్వ కళాశాలయైనచో, 2005నాటి సమాచారహక్కు చట్టముక్రింద పదిరూపాయల రుసుముతో అర్జీ పెట్టి, మీ వసతిగృహమునకు మంజూరైన సీట్లెన్ని, చేరినవారెందరు, భోజనమునకు తలకు కేటాయించినదెంత అని అడుగుడు. ముప్పది దినములలో సమాధానమీయవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ కాగితమును పట్టుకొని వార్డెనును, సరకులిచ్చువానిని, వండువానిని, తినువారిని వేర్వేరుగ కలిసికొని, నలుగురి మాటలు నాలుగు తీరుల నున్నప్పుడు ఏమిచేయుదురో మిమ్ము మీరే గమనించుకొనుడు. ఆ చిక్కుముడి విప్పవలెనని రాత్రి నిద్రపట్టకున్నచో మీరు ఈ వృత్తికి పుట్టినవారు. తుదిలో మీ పేరు ఏ అక్షరములలో పడునో అను ఆలోచనతో నిద్రపట్టకున్నచో, వేరు ఉద్యోగము చూచుకొని, తీరికవేళల కథలు వ్రాసికొనుడు. అదియు గౌరవప్రదమైన జీవితమే, అమ్మానాన్నలును సంతోషింతురు.

అమ్మానాన్నల మాట వచ్చినది గనుక: వారు జీతమెంతయని అడిగినప్పుడు ఆదర్శములు చెప్పకుడు. భృతి యెంత, శిక్షణ ఎన్ని నెలలు, తరువాత ఉద్యోగము ఎన్నేండ్ల ఒప్పందముపై నుండును, అది కుదరకున్నచో మీ డిగ్రీతో మరేమి చేయగలరు, ఈ నాలుగు సంగతులు కాగితముపై వ్రాసి వారి చేతికిండు. విలేకరి కాగోరువాడు తన తండ్రికే సరియైన లెక్క చెప్పలేకున్నచో, ఊరికేమి చెప్పును?

ఆ గోడపత్రిక మూడవ సంచికలో నేను సాంబారును గూర్చి మరల వ్రాసితిని. ఈసారి పరిహాసము లేదు. ఎనుబది, నూటయిరువది అను రెండు అంకెలును, ఆ పెద్దాయన పూర్తి పేరును ఉండెను. గుంటూరు వారి బల్లనుండి అభినందన రాలేదు, వ్యాసము చప్పగా నున్నదనిరి. దీపావళి సెలవులు ముగిసి మేము తిరిగివచ్చుసరికి పప్పు కేటాయింపు పెరిగియుండెను. మీ వసతిగృహమున వండి పెట్టుచున్న వారి పేరు మీకింకను తెలియకున్నచో, ఈ రాత్రి భోజనమునకు పది నిమిషములు ముందుగా పొండు.